కారులో పేలిన టైరు: వెనక చక్రం లాగ్

మొదటి రోజు

రోడ్ బైక్, అంటే సన్న టైర్ల సైకిల్. 700×25 టైర్లు (25 మి.మీ. వెడల్పు), బ్యూటైల్ రబ్బరు ట్యూబులు, లోపలి వెడల్పు 17 మి.మీ. ఉన్న హుక్ రకం (టైరు అంచుని పట్టి ఉంచే కొక్కెం లాంటి అంచున్న) అల్యూమినియం రిమ్ములు. టైరు మీద రాసిన గరిష్ఠ పరిమితి 120 పీఎస్‌ఐ (గాలి ఒత్తిడి కొలత). పొద్దున 26 డిగ్రీల చల్లదనంలో రెండు చక్రాలకూ 90 కొట్టారు. హైదరాబాద్ ఓఆర్‌ఆర్ (ఔటర్ రింగ్ రోడ్డు) పక్కన సోలార్ కప్పు ట్రాక్ మీద రైడ్, ఆ తర్వాత నానక్‌రాంగూడలోనే ఆఫీసు. సైకిల్ హ్యాచ్‌బ్యాక్‌లో, కారు ఆరుబయట. 2023లో తెరిచిన ఆ 23 కి.మీ. ట్రాక్‌కి కప్పుంది గానీ చుట్టుపక్కల పార్కింగులకు లేదు. మే నెల మధ్యాహ్నం కారులో వెనక చక్రం తుపాకీ పేలినట్టు పేలింది.

తీసి చూస్తే టైరు రిమ్ మీద బుద్ధిగా కూర్చునే ఉంది. ట్యూబు మాత్రం జానెడు పొడవున నిలువునా చీలింది. ముందు చక్రంలో గాలి పోలేదు. ఈ లాగ్ అంతా ఆ ముందు చక్రం చుట్టూనే తిరుగుతుంది. అదే కారు, అదే ఎండ, అదే 90. వేడికే పేలేదైతే రెండూ పేలాలి.

రెండో రోజు: లెక్క

గేజ్ చూపేది బయటి గాలి కంటే ఎంత ఎక్కువ ఉందో మాత్రమే. వేడి లెక్క వేయాలంటే దానికి బయటి గాలి ఒత్తిడి 14.7 కలపాలి, ఉష్ణోగ్రతను కెల్విన్‌లోకి మార్చడానికి 273 కలపాలి. 90కి 14.7 కలిపితే 104.7. 26 డిగ్రీలంటే 299, కారులో వేడెక్కిన టైరు 65 డిగ్రీలనుకుంటే 338. 104.7ని 338తో గుణించి 299తో భాగిస్తే 118.4. అందులోంచి 14.7 తీసేస్తే గేజ్ మీద 104కి కాస్త తక్కువ. పెరిగింది దాదాపు 14 పీఎస్‌ఐ, అంతే.

65 అనేది గాల్లోంచి తెచ్చిన అంకె కాదు. అరిజోనాలోని టెంపేలో చేసి 2018లో ప్రచురించిన కొలతల్లో, గంటసేపు ఎండలో నిలిపిన కార్లలో లోపలి గాలి సగటున 47 డిగ్రీలకు, డాష్‌బోర్డు 69కి చేరాయి. కారులో గాలి వేడి వేరు, ఎండ నేరుగా పడే నల్లటి వస్తువు వేడి వేరు. వెనక అద్దానికి ఆనుకున్న టైరు డాష్‌బోర్డు కోవలోకే వస్తుంది. అద్దాలు రెండు వేళ్ల సందు దించి పెడితే చాలనుకోవడం పెద్దగా పనిచేయదు.

టైరుకు 120 దాకా అనుమతి ఉంది. 104 దగ్గర పేలాల్సిన పనే లేదు. బ్యూటైల్ రబ్బరు ఈ వేడికి కరగదు కూడా. "ఎండకి ట్యూబ్ కరిగిపోయింది సార్" అనే పంక్చర్ షాపు తీర్పుని పక్కన పెట్టొచ్చు.

ఇన్‌ఫ్రారెడ్ గన్‌తో కొలిచేవాళ్లకు ఒక మాట. అద్దం బయటి నుంచి కొడితే అది అద్దం వేడినే చూపిస్తుంది, తలుపు తీసి కొట్టాలి. నల్ల రబ్బరు మీద అంకె నమ్మొచ్చు. మెరిసే రిమ్ మీద మాత్రం అసలు కంటే తక్కువ చూపిస్తుంది, అక్కడ నల్ల ఇన్సులేషన్ టేపు ముక్క అంటించి దాని మీద కొట్టాలి.

మూడో రోజు: ట్యూబు ఏం చెబుతోంది

ట్యూబు టైరు లోపలే ఉన్నంతసేపు పెద్ద శబ్దం రాదు. చిల్లు పడితే బుస్సుమంటుంది. ఢామ్మని పేలిందంటే ట్యూబు టైరు బయటికి వచ్చిందని అర్థం: టైరు పగిలి ఉండాలి, లేదా టైరు అంచు రిమ్ మీంచి లేచి ఉండాలి. పేలాక గాలి ఉండదు కాబట్టి లేచిన అంచు మళ్లీ దాని చోటికే జారుతుంది. అందుకే "టైరు బాగానే ఉంది, ట్యూబే పోయింది" అనిపిస్తుంది.

ట్యూబు తీసే ముందే వాల్వ్ పక్కనే టైరు మీద చాక్‌పీసుతో గీత పెట్టాలి. అది లేకపోతే ట్యూబు మీది చిల్లు టైరులో ఏ చోటిదో చెప్పలేం. ఈ ట్యూబు చీలిక పక్కవైపున, టైరు అంచు కూర్చునే ఎత్తులో ఉంది. చీలిక ఒక కొస దగ్గర రెండు అంగుళాల మేర సన్నటి, నున్నటి గీత, ఇస్త్రీ మడత లాంటిది. అంచు కింద ట్యూబు నలిగిన గుర్తు అది. టైరు ఎక్కించినప్పుడే ట్యూబు కొంచెం అంచు కింద ఇరుక్కుంది. 90 దగ్గర రబ్బరు పట్టు దాన్ని ఆపింది. వేడికి ఒత్తిడి 14 పెరిగి, రబ్బరు మెత్తబడి పట్టు సడలాక అంచు మెల్లగా పైకి పాకింది. ఇలాంటి తప్పు రైడ్‌లో బయటపడకుండా గంటల తర్వాత కారులో బయటపడటం మామూలే.

గుర్తులు వేరేగా ఉంటే కారణమూ వేరు. చిల్లు ట్యూబు లోపలి వలయం మీద, అంటే రిమ్ వైపు ఉండి, చుట్టూ గుండ్రటి బొడిపె ముద్ర కనిపిస్తే స్పోక్ రంధ్రం పని. వాల్వ్ మొదట్లో చిరిగితే ట్యూబు టైరుతో పాటు జరిగి వాల్వ్ లాగేసింది. ప్యాచ్ అంచు లేచి అక్కణ్నుంచి కారితే, అది సల్యూషన్ లేకుండా అంటించే స్టిక్కర్ ప్యాచ్ అయి ఉంటుంది, లేదా సల్యూషన్ ఆరకముందే ప్యాచ్ వేసి ఉంటారు. స్టిక్కర్ ప్యాచ్ జిగురు వేడికి జారుతుంది. ఎండాకాలంలో అది ఇంటికి చేరడానికే, రేపటికి కాదు.

నాలుగో రోజు: రిమ్ టేపు

కారణం దొరికింది కదా అని ఆగితే రెండో తప్పు మిగిలిపోయేది. రిమ్ లోపలి స్పోక్ రంధ్రాలు ట్యూబుకి తగలకుండా కప్పేదే రిమ్ టేపు. ఇక్కడి పాత టేపు సన్నటి రబ్బరు పట్టీ. మూడు చోట్ల పక్కకు జరిగి స్పోక్ రంధ్రం అంచు నెలవంకలా కనిపిస్తోంది. రంధ్రాల మీద గోరుతో నొక్కితే టేపు గుంటలు పడి ఉంది.

రంధ్రం వ్యాసం 9 మి.మీ. అంటే 64 చదరపు మి.మీ. కంటే కాస్త తక్కువ. 104 పీఎస్‌ఐ దగ్గర ఆ చిన్న చోట ట్యూబు నాలుగున్నర కిలోల బరువుతో నొక్కుతుంది. చల్లగా ఉన్నప్పుడు ఆ పట్టీ ఓర్చుకుంటుంది. వేడికి మెత్తబడితే రంధ్రంలోకి దిగుతుంది, దాని వెనకే ట్యూబూ దిగుతుంది.

కొత్తది జిగురున్న నూలు టేపు, 18 మి.మీ. వెడల్పు. పాత జిగురంతా ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి, పూర్తిగా ఆరాక, వాల్వ్ రంధ్రం దగ్గర మొదలుపెట్టి, గట్టిగా లాగుతూ రిమ్ మధ్య గాడిలో పరుచుకుంటూ పోవాలి. ఈ రిమ్‌కి ఒక చుట్టుకు 2 మీటర్ల లోపే పడుతుంది. 16 మి.మీ. టేపు వేస్తే అంచుల దగ్గర రంధ్రాలు తేలే ప్రమాదం. 20 వేస్తే టైరు అంచు కూర్చునే చోటికి ఎక్కి, టైరు సరిగ్గా కూర్చోదు.

అయిదో రోజు: ఎక్కించడం, వరండా పరీక్ష

పాత టైరునే వాడొచ్చు, కానీ చూసుకోవాలి. అంచు తీగ వంగిందా, అంచు మీది గుడ్డ నూలు పోగులు లేచాయా? లోపలంతా దూది ఉండతో తుడిస్తే ఎక్కడ తట్టుకుంటే అక్కడ ముల్లు. తుమ్మ ముల్లు కొన విరిగి లోపలే ఉండిపోతుంది, కంటికి ఆనదు. ఈ టైరులో అలాంటిది ఒకటి దొరికింది. పేలుడుకి దానికీ సంబంధం లేదు, కానీ వచ్చే వారం పంక్చర్ అదే అయ్యేది.

ట్యూబుకి గుండ్రంగా నిలిచేంత గాలి కొట్టి, పౌడర్ రాసి, టైరు రెండో అంచుని వాల్వ్‌కి ఎదురు వైపు నుంచి మొదలుపెట్టి వాల్వ్ దగ్గర ముగించాలి. చివరి జానెడు చేత్తోనే. టైరు ఎక్కించే లివర్ పెడితే ట్యూబు నలిగేది అక్కడే. తర్వాత వాల్వ్‌ని లోపలికి ఒకసారి తోసి వెనక్కి లాగాలి. వాల్వ్ చుట్టూ ఉన్న మందం అంచు కింద ఇరుక్కోకుండా ఉండేందుకు. 20 పీఎస్‌ఐ దగ్గర ఆపి టైరు పక్కలు రెండు బొటనవేళ్లతో తోస్తూ చుట్టూ చూడాలి. ట్యూబు ఎక్కడ కనబడినా గాలి తీసేయాలి. 60 దగ్గర చక్రం తిప్పి, టైరు మీద రిమ్‌కి ఆనుకుని ఉండే సన్న గీత రెండు వైపులా అంతటా సమానంగా ఉందో లేదో చూడాలి. ఒక చోట గీత పైకి లేచినా, మునిగినా మళ్లీ మొదటికే.

అన్నీ సరిపోయాక, నీడలో, మనుషులకు దూరంగా, 105 కొట్టి రెండు గంటలు వదలాలి. కారులో ఎక్కే ఒత్తిడి ఇదే. కారులో పేలేది వరండాలోనే పేలుతుంది. రబ్బరు మెత్తబడటం ఇందులో రాదు కాబట్టి ఇది పూర్తి పరీక్ష కాదు. అయినా అంచు కింద ట్యూబు ఇరుక్కుంటే చాలావరకు ఇక్కడే దొరికిపోతుంది. చక్రం రెండు గంటలూ నిలిచింది. గీత కదల్లేదు.

ఆరో రోజు: కారులో పెట్టే పద్ధతి

రైడ్ అయ్యాక సైకిల్ కారులోనే ఉండాల్సి వస్తే రెండు చక్రాలూ 60కి దించాలి. అదే 65 డిగ్రీల వేడికి 60 కాస్తా 70 అవుతుంది, రైడింగ్ ఒత్తిడి కంటే ఇంకా తక్కువే. మౌంటెన్ బైక్ టైరు 35 దగ్గరుంటే 41, 42కి చేరుతుంది, దాన్ని ముట్టుకోనక్కర్లేదు. హుక్‌లెస్ (ఆ కొక్కెం లేని) రిమ్ముల వాళ్లు మాత్రం తప్పనిసరిగా దించాలి. వాటి పరిమితి 5 బార్, అంటే 72.5 పీఎస్‌ఐ; పొద్దున 70 కొట్టిన టైరు కారులో 81 అవుతుంది.

చక్రాన్ని వెనక అద్దానికి ఆనించొద్దు. మీద తెల్లటి పాత దుప్పటి కప్పాలి. కారు సీటు కింద నీడలో సాడిల్ బ్యాగ్ పెట్టి మర్చిపోయేవాళ్లు ఎక్కువ, అందులో టైరు నింపే 16 గ్రాముల సీఓ2 (కార్బన్ డయాక్సైడ్) సిలిండర్ ఉంటే టైరు కంటే అదే ముందు ఆందోళన. 31 డిగ్రీలు దాటాక లోపలి కార్బన్ డయాక్సైడ్ ద్రవంగా ఉండదు, ఒత్తిడి వేగంగా పెరుగుతుంది. వాటి మీద 50 డిగ్రీల లోపు ఉంచమని ఉంటుంది. బ్యాగ్ ఆఫీసులోకి తీసుకెళ్లడమే.

టీపీయూ ట్యూబుల మీద ఇంకా తేల్చలేదు. అది వేడికి మెత్తబడే ప్లాస్టిక్. బ్యూటైల్‌కి ఉన్న ధీమా దానికి ఇవ్వలేం. ప్రస్తుతానికి కారులో ఉండే సైకిల్‌కి బ్యూటైలే. ట్యూబ్‌లెస్ అయితే సీలెంట్ (చిల్లులు పూడ్చే ద్రవం) వేడికి త్వరగా ఎండిపోతుంది, ఏప్రిల్ నుంచి జూన్ దాకా నెలకోసారి చూసుకోవాలి.

సాయంత్రం కారులోంచి దింపగానే గేజ్ పెట్టొద్దు. 60 డిగ్రీల టైరులో సరిగ్గా 90 చేస్తే 35 డిగ్రీలకు దిగాక అది 82 అవుతుంది. నీడలో ఇరవై నిమిషాలు, చేతికి వెచ్చదనం తగలకుండా ఉన్నాకే కొట్టాలి.

మిగిలిన పని: ముందు చక్రంలో ఇంకా ఆ పాత రబ్బరు పట్టీయే ఉంది. రోల్‌లో మిగిలిన నూలు టేపు మీటరున్నర, ఒక చుట్టుకు చాలదు.