అమ్మా, ఆకలైతాంది

ఐదో రోజు పొద్దున మా పాపకు జ్వరం దిగింది. నుదుటి మీద చెయ్యి పెడితే చల్లగా తగిలింది. అక్కడే మోకరించి దేవునికి వందనాలు చెప్పుకున్నాను. హన్మకొండలో మా గల్లీ అంతా జ్వరాలే ఆ వానాకాలం, మేం గట్టెక్కామనుకున్నాను.

మధ్యాహ్నానికి కడుపునొప్పితో మెలికలు తిరిగింది. రెండుసార్లు వాంతి. కాళ్లు, చేతులు చల్లబడిపోయాయి. ఆస్పత్రిలో డాక్టర్ పాప బొటనవేలి గోరు నొక్కి వదిలారు. రెండు సెకన్లలోపే మళ్లీ ఎర్రబడాలట. తెల్లగా పోయిన ఆ గోరు నేను చూస్తుండగా ఎంతకీ ఎర్రబడలేదు. "బీపీ అందుతలేదు" అని లోపలికి తీసుకుపోయారు.

పాపకు వచ్చింది డెంగీ. డెంగీలో జ్వరం తగ్గే వేళే అసలు గండమని అప్పుడు తెలిసింది. రక్తనాళాల్లోంచి నీరు బయటికి ఊరిపోయి, రక్తం చిక్కబడి, ఒంటికి రక్తం సరిగా అందక పిల్లలు షాక్‌లోకి పోతారట. మేం ప్లేట్‌లెట్లు ఎన్ని అని అడుగుతుంటే, వాళ్లు సెలైన్ ఎంత పోయింది, మూత్రం ఎంత వచ్చింది అని గంటగంటకూ రాసుకునేవాళ్లు.

రెండు రాత్రులు ఐసీయూ బయటే. అత్తమ్మ మెదక్ చర్చికి మొక్కుకుంది. నాకు "ప్రభువా" తప్ప ఇంకో మాట రాలేదు. నా బదులు మా సంఘంలోని అక్కలు ఉపవాసముండి ప్రార్థించారు.

మూడో పొద్దున పాప కళ్లు తెరిచి అన్న మొదటి మాట, "అమ్మా, ఆకలైతాంది."

ఇంటికొచ్చాక చూడవచ్చినవాళ్లంతా, "ఏం జూసినవ్ బిడ్డా? ప్రభువు కనిపించిండా?" అని అడిగారు. ప్రేమతోనే అడిగారు. మొదట్లో ఏం గుర్తులేదంది. నాలుగు రోజులకు, "తెల్లగా ఏదో కనిపించింది" అనడం మొదలుపెట్టింది. నా గుండె ఝల్లుమంది. ఎనిమిదేళ్ల పిల్ల, పెద్దల ముఖాలు చూసి వాళ్లు కోరింది చెప్తోంది. మా ఆయనేమో ఆదివారం చర్చిలో అందరి ముందు పాపతో సాక్ష్యం చెప్పిద్దామన్నారు. అంత గట్టిగా మేమెప్పుడూ వాదించుకోలేదు.

ఆ రాత్రి మార్కు సువార్త ఐదో అధ్యాయం తీసి ఆయన ముందు పెట్టాను. యాయీరు కూతురిది పన్నెండేళ్ల వయసు. చనిపోయిన ఆమెను లేపిన ప్రభువు, ఈ సంగతి ఎవరికీ తెలియనియ్యొద్దని గట్టిగా చెప్పి, పిల్లకు తినడానికి పెట్టమన్నాడు. చిన్నప్పటి నుంచి వింటున్న కథే, ఆ చివరి మాట దగ్గర ఎన్నడూ ఆగలేదు. మా ఆయన చదివి, చాలాసేపు పేజీ తిప్పలేదు.

ఆదివారం సాక్ష్యం నేనే చెప్పాను. జ్వరం తగ్గాక కడుపునొప్పి, వాంతులు, చల్లటి చేతులు కనబడితే గంట కూడా ఆగొద్దని అక్కడే చెప్పాను. పాస్టర్ గారు "ఆమేన్" అన్నారు.

క్రిస్మస్ సెలవుల్లో అత్తమ్మ మొక్కు తీర్చడానికి మెదక్ పోయాం. కరువులో ఆకలితో ఉన్న జనానికి పని, తిండి దొరకాలని కట్టించి, 1924లో తెరిచిన చర్చి అది. ఆరాధన అయ్యాక ఆవరణలో కూర్చుని డబ్బా విప్పితే, పాప నా వంతు సర్వపిండి కూడా లాక్కుంది. నేనేదో అనబోతే అత్తమ్మ నా చెయ్యి పట్టుకుని, "తిననియ్యి బిడ్డా" అంది.