చూపు లేని పిల్లల చేతికి తెలుగు పాఠ్యపుస్తకం: ఏఐతో చేసే పద్ధతి

పక్కన కూర్చున్న పిల్లవాడు చదువుతుంటే వినడం వేరు, తనకు కావలసిన పేరా దగ్గరికి తానే వెళ్లి చదువుకోవడం వేరు. చూపు లేని విద్యార్థికి రెండోది దక్కాలంటే పుస్తకం యూనికోడ్ తెలుగులో, అంటే ఏ కంప్యూటరైనా ఫోనైనా తెలుగుగానే గుర్తించే అక్షరాల్లో ఉండాలి. అప్పుడే తెరమీది రాతను పైకి చదివి వినిపించే స్క్రీన్ రీడర్లు, అంటే కంప్యూటర్‌లో ఎన్‌వీడీఏ, ఫోన్‌లో టాక్‌బ్యాక్ దాన్ని చదవగలవు.

పీడీఎఫ్ ఉంది కదా అని నేరుగా ఇచ్చేయకండి. అందులోంచి ఒక లైను కాపీ చేసి నోట్‌ప్యాడ్‌లో పేస్ట్ చేయండి. తెలుగు కాకుండా ఇంగ్లిష్ అక్షరాలు, పిచ్చి గుర్తులు వచ్చాయంటే అది అను లాంటి పాత ఫాంట్లతో కట్టిన ఫైలు. స్క్రీన్ రీడర్ ఆ గుర్తులనే చదువుతుంది. అలాంటప్పుడు పేజీలను 300 డీపీఐ (అంగుళానికి 300 చుక్కల) బొమ్మలుగా మార్చి ఓసీఆర్ చేయాల్సిందే, అంటే బొమ్మలోని అక్షరాలను కంప్యూటర్‌తో గుర్తింపజేసి టైపు అక్షరాలుగా మార్చాల్సిందే. ఫోన్‌తో ఫొటో తీస్తుంటే ఫ్లాష్ ఆపేసి, కిటికీ పక్కన, పేజీ వంపు పోయేలా అదిమిపెట్టి తీయండి. ద్విభాషా పుస్తకాల్లో ఒకవైపు ఇంగ్లిష్, ఎదురు పేజీలో తెలుగు ఉంటాయి. రెండూ ఒకే ఫొటోలో వస్తే లైన్లు కలగాపులగం అవుతాయి, కాబట్టి విడివిడిగా కత్తిరించండి.

ఇక్కడ ఒక తేడా బాగా గుర్తుంచుకోవాలి. టెసరాక్ట్ లాంటి పాత తరహా ఓసీఆర్ తప్పు చేస్తే చాలాసార్లు కంటికి కనిపిస్తుంది: ‘వ’ బదులు ‘ప’, ‘ధ’ బదులు ‘థ’, రాలిపోయిన వత్తు. అదే పేజీ బొమ్మను ఏఐ చాట్‌బాట్‌కు ఇచ్చి టైపు చేయిస్తే, అది చేసే తప్పు కనిపించదు. అక్షరం అర్థం కాకపోతే అక్కడ నప్పే మాట ఒకటి తానే పెట్టేస్తుంది, వాక్యం చక్కగానే ఉంటుంది. పద్యాల దగ్గర ఇది మరీ ప్రమాదం. వేమన పద్యాలకు పాఠాంతరాలు ఎక్కువ. పుస్తకంలో ఉన్నది వదిలేసి, తనకు అలవాటైన పాఠం రాసేయగలదు. అందుకే ఇలా చెప్పండి: ‘అచ్చులో ఉన్నది ఉన్నట్టే టైపు చెయ్యి. తప్పనిపించినా దిద్దకు. చదవలేని చోట మూడు ప్రశ్నార్థకాలు పెట్టు.’ ఒకసారికి రెండు మూడు పేజీలకు మించి ఇవ్వకండి. ఎక్కువిస్తే మధ్యలో పేరాలు ఎగరగొడుతుంది. ఇలా చెప్పినా పద్యాలను, పేర్లను, సంవత్సరాలను అచ్చుతో పోల్చి చూడక తప్పదు.

లెక్కల్లో 2³ కాస్తా 23 అవుతుంది, మూడు బై నాలుగు కాస్తా 34 అవుతుంది. చూపున్న పిల్లలు పట్టేస్తారు, వినేవాళ్లకు ఆ అవకాశం లేదు. తరగతిలో పలికినట్టే మాటల్లో రాయించండి: ‘ఎ ప్లస్ బి హోల్ స్క్వేర్’. హోల్ అనే మాట పోతే లెక్కే మారిపోతుంది. ‘సెం.మీ.’, ‘క్రీ.పూ.’ వంటివి కూడా పూర్తిగా విప్పి రాయండి, చుక్క దగ్గర గొంతు ఆగిపోతుంది.

అసలు కష్టం బొమ్మలతో. జీవశాస్త్రంలో గుండె పటం తీసుకోండి. ఎదుటి మనిషి గుండెను చూస్తున్నట్టు గీస్తారు కాబట్టి ఎడమ జఠరిక పేజీలో కుడివైపు ఉంటుంది. ఏఐ వర్ణన ఇక్కడ తరచూ తడబడుతుంది: ఒక వాక్యంలో పేజీ ఎడమ, మరో వాక్యంలో శరీరపు ఎడమ. ‘ఎడమ కుడి అంటే గుండె ఉన్న మనిషివే’ అని ముందే షరతు పెట్టండి. మొదట ఇది ఏ పటమో ఒక్క వాక్యం, తర్వాత గదులు ఎన్ని, ఆ పైన రక్తం నడిచే దారి: కుడి కర్ణిక, కుడి జఠరిక, పుపుస ధమని, ఊపిరితిత్తులు, ఎడమ కర్ణిక, ఎడమ జఠరిక, బృహద్ధమని. రంగుల ప్రస్తావన అక్కర్లేదు. దీనికి జతగా అట్టముక్క మీద ఫెవికాల్‌తో ఊలుదారం అంటించి పటం చేయండి. ఎడమ జఠరిక గోడ మందం కాబట్టి అక్కడ మూడు పేటల దారం, కుడి జఠరికకు ఒకటే పేట. చేతికి తగిలిన ఆ తేడా ఎంత మంచి వర్ణనలోనూ రాదు. ఈ పని ఏఐకి వదలకండి.

చివరికి వర్డ్‌లో పాఠం పేరుకు హెడింగ్ 1, ఉపశీర్షికలకు హెడింగ్ 2 పెట్టండి. అక్షరాలు లావు చేసినంత మాత్రాన అది హెడింగ్ కాదు. ఎన్‌వీడీఏ బ్రౌజ్ మోడ్‌లో హెచ్ కీ నొక్కుతూ పిల్లలు శీర్షిక నుంచి శీర్షికకు దూకుతారు. ఆడియో కూడా కావాలంటే 32 కేబీపీఎస్ మోనో ఎంపీ3 చాలు, పది నిమిషాలకు 2.4 ఎంబీ. వాట్సాప్‌లో హాయిగా వెళ్తుంది.

హక్కుల భయం వద్దు. వికలాంగులకు అందే రూపంలోకి పుస్తకాన్ని మార్చడానికి 2012లో కాపీరైట్ చట్టానికి చేసిన సవరణ అనుమతిస్తుంది. పిల్లల పేర్లు, వైకల్య ధ్రువపత్రాలు మాత్రం ఏ చాట్‌బాట్‌లోనూ పెట్టకండి.

మొదటి పాఠం తయారవగానే మిగతావి మొదలుపెట్టకుండా దాన్ని విద్యార్థికి ఇచ్చి, ఎక్కడ ఆగి వెనక్కి వెళ్లాల్సి వచ్చిందో అడగండి. ఆ చోట్లన్నీ రాసుకుని, రెండో పాఠానికి ఇచ్చే సూచనల్లో చేర్చండి.