మద్యనిషేధం మీద నా రిపోర్టు, మా తాత మోకు

తొమ్మిదో తరగతిలో సోషల్ టీచర్ నాకిచ్చిన అంశం: మద్యనిషేధం కావాలా, వద్దా? హన్మకొండ లైబ్రరీలో కూర్చుని గంటలో సగం రాసేశాను. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు సారా దుకాణం మీద తిరగబడటం, 1993లో సారా నిషేధం, 1995లో ఎన్టీఆర్ సంపూర్ణ నిషేధం, 1997లో సడలింపు. మద్యనిషేధానికి ప్రభుత్వం కృషి చేయాలనే రాజ్యాంగం 47వ అధికరణ కూడా ఇరికించాను. చివర "నిషేధమే పరిష్కారం" అని రాసి ఎర్ర పెన్నుతో కింద గీత గీశాను.

ఆదివారం పరకాల దగ్గర మా ఊరికి వెళ్లేసరికి తాత అప్పుడే తాటిచెట్టు దిగి వచ్చాడు. చెట్టెక్కే సామాను మోకు, ముత్తాదు గోడకు తగిలించి, రిపోర్టంతా చదివించుకున్నాడు.

"మరి కల్లు సంగతేంది బిడ్డా? ఇండ్ల యాడుంది?"

అసలు రాయనే లేదు! నా స్కూలు ఫీజు కట్టింది ఆ కల్లు లొట్లే.

లోపల్నుంచి నాయనమ్మ అందుకుంది: "గుడుంబ తాగి మా తమ్ముడు పోయిండు. అది గూడ రాయి."

ఇద్దరి మాటలూ రాశాను, ఎర్ర గీత ఉన్న పేజీ చింపేశాను. "నీ అభిప్రాయం ఏదమ్మా?" అని టీచర్ పదికి ఆరే వేశారు. తాతకు మాత్రం తొమ్మిదని చెప్పాను.