పలకరాళ్ల కొండ మీద ద్రాక్షకోత

జర్మనీలో కోబ్లెంజ్ నుంచి ట్రియర్ వెళ్లే లోకల్ రైలు కొహెమ్ దాటగానే నాలుగు కిలోమీటర్ల పైచిలుకు సొరంగంలో దూరి ఎల్లర్ దగ్గర తేలుతుంది. అదే చోటికి రావడానికి మోజెల్ నది ఇరవై కిలోమీటర్లకు పైగా వంకలు తిరుగుతుంది. ఎల్లర్‌లో దిగి తలెత్తితే ఎదురుగా నిలబడి ఉండేదే కాల్మోంట్ కొండ. దాని అవతలి కొసన, నది గుర్రపు నాడాలా మెలిక తిరిగే చోట, వెయ్యి మంది కూడా లేని బ్రెమ్ అనే ఊరుంది. ఎదుటి ఒడ్డున ష్టూబెన్ సన్యాసినుల మఠం తాలూకు మొండిగోడలు. కొండెక్కి ఆ మెలికని ఫోటో తీసుకుని దిగిపోయేవాళ్లే ఎక్కువ. సెప్టెంబరు ఆఖర్లో కోత పనికి వచ్చే మన విద్యార్థులకు మాత్రం ముందు కనిపించేది వాలు. కొన్నిచోట్ల అది 65 డిగ్రీల దాకా ఉంటుంది. యూరప్‌లో ఇంతకంటే నిటారు ద్రాక్షతోట లేదని ఊరివాళ్ల గొప్ప.

ఇంత వాలులో తోట వెయ్యడం మొండితనం కాదు, లెక్క. ఇక్కడ వేసే రీస్లింగ్ ఆలస్యంగా పండే వైన్ ద్రాక్ష రకం. ఇంత ఉత్తరాన చదును నేలలో దానికి ఎండ చాలదు. దక్షిణానికి తిరిగిన వాలు మీద ఎండ సూటిగా పడుతుంది, కింద నది నుంచి వెలుగు తిరిగి కొడుతుంది, నేలంతా పరుచుకున్న పలకరాయి పగలు వేడిని తాగి రాత్రి వదులుతుంది. చిన్నప్పుడు బలపంతో రాసుకున్న మార్కాపురం పలక గుర్తుందిగా, అదే జాతి రాయి. ఆ ముక్కల్ని తోటలోంచి ఏరి పారెయ్యాలని కొత్తవాళ్ల చెయ్యి దురద పెడుతుంది. పొరపాటున కూడా ఆ పని చెయ్యకూడదు. వేడి నిలవడానికీ, కింద తేమ ఆరకుండా ఉండటానికీ, వానకి మట్టి కొట్టుకుపోకుండా ఉండటానికీ అవే ఆధారం.

ద్రాక్ష ఇక్కడికి రోమన్ల కాలం నుంచీ ఉంది. ఎగువన పీస్పోర్ట్‌లో నాలుగో శతాబ్దపు ద్రాక్షగానుగ 1985లో బయటపడింది. రీస్లింగ్ ఈ లోయనంతా ఆక్రమించింది మాత్రం తర్వాతే. 1787లో ట్రియర్ ప్రభువు క్లెమెన్స్ వెంట్‌సెస్లావుస్ నాసి తీగలు పీకించి మంచి రకాలు వెయ్యమని హుకుం ఇచ్చాడు.

అసలు వారసత్వం ఏదంటే వాలు మీద మట్టిని నిలబెట్టే గోడలు. మన వైపు రాతికట్టు అంటే సిమెంటో సున్నమో ఉండాల్సిందే. ఇక్కడ రెండూ లేవు, రాయి మీద రాయి అంతే. అడుగున పెద్ద రాళ్లని కొండవైపు వాల్చి దింపుతారు. గోడ పునాది మందం ఎత్తులో మూడో వంతుకి తగ్గకూడదు. పైకి పోయేకొద్దీ ముఖం మీటరుకి 10 నుంచి 20 సెంటీమీటర్లు వెనక్కి వాలాలి. ప్రతి రాయీ కింది రెండు రాళ్ల అతుకు మీద కూర్చోవాలి, అతుకు మీద అతుకు పడితే గోడ అక్కడే చీలుతుంది. మధ్యమధ్య పొడవాటి రాళ్లని లోపలికి అడ్డంగా దింపుతారు. గోడ వెనక మట్టి నేరుగా తగలకుండా చిన్న రాతిముక్కలు దట్టిస్తారు. కంటికి కనపడని ఈ వెనక పనిలోనే గోడ ఆయుష్షు ఉంది, ఎందుకంటే వాననీరు దిగిపోయేది దాని గుండానే.

ఆ సందుల్లో మట్టి పూడుకున్నా, ముళ్లపొదల వేళ్లు దూరినా నీరు నిలుస్తుంది. చలికి గడ్డకట్టి ఉబ్బి గోడని ముందుకు తోస్తుంది. అప్పుడు గోడకి కడుపొస్తుంది. వచ్చిన కడుపుని సుత్తితో లోపలికి కొట్టి సర్దడం కుదరదు, ఆ భాగం విప్పి అడుగు నుంచి మళ్లీ పేర్చాల్సిందే. ఓపిక లేక సిమెంటు మెత్తినచోట నీటికి దారి మూసుకుపోయి, కొన్నేళ్లకి మెత్తిన ముక్కతో సహా గోడంతా జారుతుంది. సందుల్లో బల్లులు కాపురం ఉంటాయి, వేడి రాళ్ల మీద పెరిగే సీడమ్ మొక్క తిని అపోలో సీతాకోకచిలుక పురుగు బతుకుతుంది. తోట బీడుపడి పొదలు కమ్మితే ముందు పోయేవి అవే.

హైదరాబాదు చుట్టుపక్కల అనాబ్-ఇ-షాహి పందిళ్లు చూసినవాళ్లకి ఇక్కడి తీగ వింతగా ఉంటుంది. పందిరి లేదు, ఇనప తీగెలు లాగిన వరసలు కూడా చాలాచోట్ల లేవు. మొక్కకో గుంజ. మార్చిలో రెండు కొమ్మల్ని చెరోపక్కకి వంచి, కొసలు కిందికి తెచ్చి గుంజకి కడితే హృదయం ఆకారం వస్తుంది. అందం కోసం కాదిది. వంచిన కొమ్మలో రసం కొసకి పరుగెత్తకుండా ప్రతి కన్నుకీ అందుతుంది. తేమగా, చల్లగా ఉన్న రోజు చూసుకుని కట్టాలి. పొడిగాలి రోజున కొమ్మ పుటుక్కుమంటుంది, దానితో ఆ ఏడాది ఆ మొక్క సగం పంట పోయినట్టే. గుంజ పద్ధతి వల్ల మనిషికి ఇంకో లాభం ఉంది. మొక్కల మధ్య అడ్డంగా నడవచ్చు. ఈ వాలులో నిలువుగా ఎక్కి దిగడమే పనైతే మధ్యాహ్నానికి మోకాళ్లు చేతులెత్తేస్తాయి.

యంత్రంతో చేసే చదును తోటలో హెక్టారుకి ఏడాదికి రెండు మూడు వందల గంటల పనైతే, ఇక్కడ వెయ్యి గంటలు దాటుతుంది. దంతచక్రంతో ఒకే పట్టా మీద పాకే బండి వచ్చాక మోత కొంత తగ్గింది. కోత మాత్రం చేత్తోనే.

బూటు చీలమండ దాటాలి, అడుగున లోతైన గాడులుండాలి. తడిసిన పలకరాయి సబ్బుబిళ్లతో సమానం, పొద్దున పదింటిదాకా మంచు ఆరదు. కత్తెర పట్టే చేతికి కాదు, గుత్తి పట్టే చేతికి గ్లవుజు వేసుకోవాలి. ఇక్కడ ఎక్కువగా తెగేది ఎడమ చూపుడువేలే. గుత్తిని కింద నుంచి అరచేతిలో పట్టుకుని కాడ కత్తిరించాలి. బకెట్‌ని గుంజకి పైపక్క ఆనించి పెట్టాలి. కిందపక్క పెట్టిన బకెట్ పండ్లతో సహా నదిదాకా పోతుంది. కాలికింద రాయి జారితే మొహమాటపడకుండా "ఆఖ్‌టుంగ్!" (జాగ్రత్త!) అని గట్టిగా అరవాలి, కిందివాళ్ల తల కాపాడేది ఆ ఒక్క మాటే.

ఏ కుళ్లు మంచిదో, ఏది చెడ్డదో తెలియడమే కోతలో అసలు చదువు. పండు గోధుమరంగుకి తిరిగి, ముడతలు పడి, బూడిద చల్లినట్టుండి, తేనె వాసన వేస్తే అది మంచి బూజు. తీపి వైన్ దాన్నుంచే కాబట్టి వేరే బకెట్‌లో వెయ్యాలి. పులిసిన వాసన వచ్చి, చుట్టూ చిన్న ఈగలు ముసిరితే అది వెనిగర్ కుళ్లు. నేలపాలు చెయ్యాలి. ఆకుపచ్చ బూజు కూడా అంతే, ఒక్క గుత్తి కలిసినా మొత్తం రసానికి ముక్కిన వాసన పట్టిస్తుంది. అనుమానం వస్తే కళ్లని కాదు, ముక్కుని నమ్మాలి. రసం తీపిని ఎక్స్‌లె డిగ్రీల్లో చెబుతారు. 80 ఎక్స్‌లె అంటే లీటరు రసం లీటరు నీళ్లకంటే 80 గ్రాములు ఎక్కువ తూగుతుందని.

కూలి సంగతి. 2026 జనవరి నుంచి కనీస వేతనం గంటకి 13.90 యూరోలు. బకెట్ల లెక్కన ఇచ్చినా అంతకు తగ్గకూడదు. స్టూడెంట్ వీసా మీదున్నవాళ్లకి ఏడాదికి 140 పూర్తి రోజులు, లేదా 280 సగం రోజులు పని చేసుకునే వీలుంది. చలికాలపు సెమిస్టర్ క్లాసులు సాధారణంగా అక్టోబరు మధ్యకి గాని మొదలుకావు కాబట్టి కోత రోజులు సరిగ్గా ఖాళీలో పడతాయి. కాగితం మీద ఒప్పందం లేకుండా కొండెక్కొద్దు. బస ఇస్తే దానికెంత కోస్తారో అందులోనే రాయించుకోవాలి.

కిందనున్న పాత ఇళ్లకి గుమ్మాల పక్కన వరద గీతలు ఉంటాయి. 1993 క్రిస్మస్ నాటి గీత చాలా ఊళ్లలో తల ఎత్తి చూడాల్సినంత పైనుంటుంది. వరద కబురు వస్తే సెల్లార్‌లో ముందు చూసేది ఖాళీ పీపాలనే. వెయ్యి లీటర్ల ఫూడర్ పీపా ఖాళీగా ఉంటే తేలి కప్పుకి గుద్దుకుంటుంది. అందుకే నీళ్లతో నింపేస్తారు, లేదా కప్పుకి దుంగలు పెట్టి బిగిస్తారు. హీటింగ్ ఆయిల్ ట్యాంకు తేలి విరిగితే ఆ వాసన గోడల్లోంచి ఏళ్లతరబడి పోదు. నది తగ్గకముందే మోటరు పెట్టి నీళ్లు తోడితే, కిందనుంచి భూగర్భజలం తోసి నేల పగులుతుంది. బురదని మాత్రం తడిగా ఉండగానే కడగాలి.

కోత రోజుల్లో ఇళ్ల ముందు చీపురో, ఆకుల గుత్తో వేలాడితే అది ష్ట్రౌస్‌విర్ట్‌షాఫ్ట్. రైతే సొంత వైన్‌ని సొంత ఇంట్లో అమ్ముకునే చోటు; ఏడాదికి నాలుగు నెలలకి, 40 కుర్చీలకి మించకూడదని నియమం. ఉల్లిపాయల పిండివంటతో పాటు అక్కడ దొరికే ఫెడర్‌వైసర్ ఇంకా పులుస్తున్న రసం, తెల్లగా మబ్బుగా ఉంటుంది. గ్యాస్ బయటికి పోవాలని సీసా మూత బిగించరు. రూమ్‌మేట్లకి ఒకటి పట్టుకెళ్లాలనుకుంటే బ్యాగులో పడుకోబెట్టకుండా, రైలు దిగేదాకా ఒళ్లో నిలబెట్టి పట్టుకోవాలి.