గుంటూరులో నెట్ పోతే డల్లాస్‌లో ఫోన్ మోగుతుంది

డల్లాస్‌లో అర్ధరాత్రి పన్నెండయ్యేసరికి గుంటూరులో పొద్దున పదిన్నర. నవంబరులో ఇక్కడ గడియారాలు గంట వెనక్కి జరిపాక పదకొండున్నర. బ్రాడీపేటలో ఆఫీసులు తీసి కంప్యూటర్లు ఆన్ చేసే వేళకి నేను పడుకోబోతుంటాను. బాబాయి ఫోన్ సరిగ్గా అప్పుడే వస్తుంది. ఆయనది మిర్చి వ్యాపారం. ఆఫీసులో రెండు కంప్యూటర్లు, ఒక ప్రింటరు, గోడౌన్‌లో కెమెరాలు, వీటికి తోడు ఒక వెబ్‌సైటు. "ఏరా, నెట్ రావట్లేదు" అంటాడు. పగలంతా ఇక్కడ నేను చేసేదీ ఇదే పని. కాకపోతే ఇక్కడ ప్రతి ఫిర్యాదుకీ ఒక టికెట్ నంబరు ఉంటుంది, జీతం వస్తుంది.

అమెరికాలో కూర్చుని ఏదైనా బాగుచేసేయొచ్చని మావాళ్ల నమ్మకం. రిమోట్ సాఫ్ట్‌వేర్ పనిచేయాలంటే ముందు అక్కడ నెట్ ఉండాలి కదా! అదే పోయినప్పుడు నాకు కావలసింది అక్కడున్న మనిషి కళ్లు. అందుకే ఎవరి అభిప్రాయమూ అడగను, కనిపించేది అడుగుతాను. "ఏమైంది?" అంటే "వైరస్ వచ్చినట్టుంది" అంటారు. "గోడకున్న డబ్బాలో ఎర్ర లైటు వెలుగుతోందా?" అంటే చూసి చెప్తారు. ఎల్ఓఎస్ అనే లైటు ఎర్రగా ఉంటే నెట్ తెచ్చే ఫైబర్ తీగలో సిగ్నల్ రావట్లేదని అర్థం. రూటర్‌ని ఎన్నిసార్లు ఆపి వేసినా లాభం లేదు, లైన్ చూసే మనిషి రావాల్సిందే. వీధిలో చెట్ల కొమ్మలు కొట్టినప్పుడల్లా ఈ ఫోన్ ఖాయం.

గుమాస్తా కుర్రాడు చురుకైనవాడు. ఇప్పుడు నేను అడక్కముందే స్క్రీన్ ఫొటో వాట్సాప్‌లో పెడతాడు. నెట్‌వర్క్‌లో కంప్యూటర్‌కి ఉండే నంబరు, అంటే ఐపీ అడ్రసు, 169.254తో మొదలైతే కంప్యూటర్‌కి రూటర్ నుంచి అడ్రసు అందలేదని, ముందు కేబులు చూసుకోవాలని వాడికి తెలుసు. గూగుల్ వాళ్ల 8.8.8.8 అడ్రసుకి పింగ్ (జవాబు వస్తుందో లేదో చూసే చిన్న పలకరింపు) వెళ్తూ సైట్లు మాత్రం పేరుతో తెరుచుకోకపోతే తేడా సైటు పేరుని అడ్రసుగా మార్చే డీఎన్ఎస్‌లో ఉందనీ తెలుసు.

అందరినీ హడలగొట్టింది మాత్రం వేరే. ఒకరోజు ఒక కంప్యూటర్‌లో బ్యాంకు సైటు, జీఎస్టీ సైటు, ఏది తెరిచినా మీ కనెక్షన్ సురక్షితం కాదని హెచ్చరిక. పక్క కంప్యూటర్‌లో అన్నీ బాగానే ఉన్నాయి. "ఎవడో మన అకౌంట్‌లోకి దూరాడ్రా" అని బాబాయికి ఒకటే టెన్షన్. మొత్తం స్క్రీన్ కనిపించేలా ఫొటో పెట్టమన్నాను. కింద మూలన తేదీ ఎన్నో ఏళ్ల కిందటిది! ఇలాంటి ప్రతి సైటుకీ అది అసలుదేనని చెప్పే సర్టిఫికెట్ ఉంటుంది, అది ఏ తేదీ నుంచి ఏ తేదీ దాకా చెల్లుతుందో అందులోనే ఉంటుంది. కంప్యూటర్ గడియారం పాత కాలంలో ఉంటే బ్రౌజర్ దృష్టిలో ఆ సర్టిఫికెట్ ఇంకా పుట్టనే లేదు. కరెంటు లేనప్పుడు ఆ గడియారాన్ని నడిపేది మదర్‌బోర్డు మీదున్న 3 వోల్టుల బిళ్ల బ్యాటరీ, సీఆర్2032. బాబాయి రోజూ రాత్రి మెయిన్ ఆపేసి తాళం వేస్తాడు, అది మంచి అలవాటే. కానీ బ్యాటరీ అయిపోయిందంటే రాత్రికి రాత్రి తేదీ పోతుంది. తేదీ సరిచేయగానే సైట్లు తెరుచుకున్నాయి. వాచీల షాపు నుంచి బ్యాటరీ తెచ్చి వేశారు. బాబాయి మాత్రం బ్యాంకు పాస్‌వర్డ్ మార్చేదాకా ఊరుకోలేదు.

గోడౌన్ కెమెరాలు ఇంట్లోంచి చూడాలని ఆయన కోరిక. బయటినుంచి కెమెరాలకి దారి ఇచ్చేలా రూటర్‌లో పోర్టులు తెరిచినా పని జరగలేదు. రూటర్ బయటివైపు అడ్రసు 100.64 నుంచి 100.127 మధ్యలో ఉంది. అంటే నెట్ కంపెనీవాళ్లు ఒకే పబ్లిక్ అడ్రసును చాలామందికి పంచుతున్నారు. అపార్టుమెంటు మొత్తానికి ఒకటే డోర్ నంబరు ఉన్నట్టు. బయటినుంచి వచ్చినవాడు ఏ తలుపు తట్టాలి? డబ్బు కట్టి మనకంటూ మారని అడ్రసు, స్టాటిక్ ఐపీ, తీసుకోవాలి, లేదా కెమెరా కంపెనీ యాప్ వాడాలి. బాబాయి యాప్‌కే ఓటేశాడు.

వెబ్‌సైటు గొడవల్లో టెక్నాలజీ తక్కువ, కాగితాలు ఎక్కువ. మాది లెట్స్ ఎన్‌క్రిప్ట్ అనే సంస్థ ఇచ్చే ఉచిత సర్టిఫికెట్, 90 రోజులే చెల్లుతుంది. గడువు దగ్గరపడుతోందని వాళ్లు పంపే మెయిళ్లు 2025 జూన్‌తో ఆగిపోయాయి, కాబట్టి దానంతటదే రెన్యూ అవుతోందో లేదో మనమే చూసుకోవాలి. అంతకన్నా పెద్ద చిక్కు డొమైన్, అంటే సైటు పేరు. సైటు చేసిపెట్టిన కుర్రాడు దాన్ని తన పేరు మీద, తన మెయిల్‌తో కొన్నాడు. అతను బెంగళూరు వెళ్లిపోయాడు, రెన్యువల్ మెయిళ్లు అతని పాత ఐడీకే. పాపం, అడగ్గానే మార్చి ఇచ్చాడు. స్థలం కొంటే లింకు డాక్యుమెంట్లన్నీ తిరగేసే మనుషులు డొమైన్ ఎవరి పేరున ఉందో ఎందుకు చూడరో!

మొన్న పక్క ఆఫీసాయన ప్రింటరు ఆఫ్‌లైన్ చూపిస్తోందని బాబాయి నా నంబరు ఇచ్చాడు. కరెంటు పోయి వచ్చాక రూటర్ దానికి కొత్త అడ్రసు ఇచ్చి ఉంటుందనుకుంటూ ఫోన్ చేశాను. "మీ గుమాస్తా కుర్రాడు వచ్చి, దానికి ఎప్పుడూ ఒకే అడ్రసు ఉండేలా పెట్టి వెళ్లాడండీ" అన్నాడాయన. "మా ఇంట్లో వైఫై కూడా కాస్త చూస్తాడా?"