ఫైటర్‌కీ విజార్డ్‌కీ సంధి కుదిర్చేసరికి

ఎట్టకేలకు మా టేబుల్ మీద ఫైటర్, విజార్డ్ ఇద్దరూ ఒకే ఆట ఆడుతున్నారు. వానాకాలం మొదట్లో తగులుకున్న తంటా దసరా దాటాక గానీ తెమల్లేదు. వేడి చల్లారకముందే రాసేస్తున్నా. ఇంట్లో డంజన్స్ అండ్ డ్రాగన్స్ (తలొక పాత్ర తీసుకుని, పాచికలు వేస్తూ కథ నడిపే ఆట) ఆడించేవాళ్లకి పనికొస్తే మంచిదే, రాకపోయినా నా కడుపుమంట తీరుతుంది.

మనుషుల్ని పోగెయ్యడం, పుస్తకాలు తెప్పించడం, 2014 నాటి ఐదో ఎడిషన్ రూల్స్ నేర్పడం, ఇవేవీ కష్టం కాలేదు. అన్నయ్య ఫైటర్ అంటే కత్తి పట్టే యోధుడు, మేనల్లుడు విజార్డ్ అంటే మంత్రగాడు, కింది ఫ్లాట్ ఆవిడ వార్లాక్, అదింకో రకం మంత్రగాళ్లు, ఆఫీసు స్నేహితుడు క్లెరిక్, అంటే పూజారి. నాలుగో లెవెల్ దాకా హాయిగా సాగింది. ఐదో లెవెల్‌లో మేనల్లుడి చేతికి ఫైర్‌బాల్ అనే నిప్పుల మంత్రం వచ్చింది.

ఫైర్‌బాల్ అంటే ఆరు ముఖాల పాచికలు ఎనిమిది. సగటున 28 డ్యామేజ్, అదీ ఒక్కొక్కడికి. ఇరవై అడుగుల వ్యాసార్ధంలో ముగ్గురు దొరికితే 84, తప్పించుకున్నవాడికి కూడా సగం పడుతుంది. అదే లెవెల్‌లో ఫైటర్‌కి రెండో దెబ్బ వస్తుంది. పెద్ద కత్తితో దెబ్బకి సగటున 11. నూటికి 65 సార్లు తగులుతుందనుకుంటే రౌండ్‌కి 14 చిల్లర. అన్నయ్య వనస్థలిపురం నుంచి కొండాపూర్ దాకా బండేసుకొని వస్తాడు. వచ్చి కూర్చుని, తన వంతు వచ్చేసరికి బూడిద చూసేవాడు. "ఒరేయ్, చంపడానికి నాకొకణ్ణైనా మిగల్చమని చెప్పరా వాడికి" అని నవ్వుతూనే అనేవాడు మొదట్లో. తర్వాత నవ్వడం మానేసి ఫోన్ తీయడం మొదలుపెట్టాడు.

నాకు ఎక్సెల్ వచ్చు. అక్కడికి నేనేదో పొడిచేస్తాననుకున్నా. నాలుగు క్లాసుల (అంటే పాత్రల రకాల) డ్యామేజ్ అంతా షీట్‌లో వేశాను. చిత్రమేమిటంటే, షీట్ ప్రకారం ఫైటర్ ఏమీ తీసిపోలేదు. విజార్డ్ స్లాట్లు (పెద్ద మంత్రాలు ఇన్నిసార్లే వెయ్యాలన్న కోటా) అయిపోతే చిన్న మంత్రం ఫైర్ బోల్ట్‌తో సగటున రౌండ్‌కి 7 దగ్గరే ఆగుతాడు, ఫైటర్ కత్తి మాత్రం సాయంత్రం దాకా ఆడుతూనే ఉంటుంది. కాగితం మీద సమానం, టేబుల్ మీద అన్యాయం. ఎందుకో అర్థంకాక పిచ్చెక్కింది. అన్నయ్యకి మంత్రపు కత్తి ఇచ్చి చూశాను. ఇంకాస్త గట్టిగా కొట్టాడంతే, కొట్టే అవకాశం మటుకు పెరగలేదు. పైగా "నాకేది?" అని క్లెరిక్ అలక.

అప్పుడు వెళ్లాను, వెళ్లకపోయినా బాగుండేది, ఊళ్లో వారాంతాల్లో ఆటగాళ్లు కలిసే చోటికి. అక్కడొక సీనియర్ డీఎం (డంజన్ మాస్టర్, మా టేబుల్ మీద నాలాగా ఆట నడిపించేవాడు) గారున్నారు. చుట్టూ పదిమంది శిష్యులు. నా గోడు చెప్పుకున్నాను, షీట్ కూడా చూపించాను. ఆయన షీట్ వైపు చూడనైనా చూడలేదు. "క్లాసుల్లో తేడాలేమీ ఉండవు బ్రదర్, చేతగాని డీఎంలు ఉంటారు" అన్నాడు. అందరూ గొల్లున నవ్వారు. కాలేజీ పిల్లలు కూడా. నేనూ నవ్వినట్టు మొహం పెట్టాను. బయటికి రాబోతుంటే పెద్ద మనసు చేసుకుని ఒక సలహా పడేశాడు: "మంత్రాన్ని మింగేసే శత్రువుల్ని పెట్టండి, విజార్డ్ దారికొస్తాడు."

ఖర్మ కాలి అదే చేశాను. తర్వాతి ఆటలో దొంగల ముఠాలో ఇద్దరికి ఎదుటివాడి మంత్రాన్ని ఆర్పేసే కౌంటర్‌స్పెల్ ఇచ్చాను. మేనల్లుడు ఫైర్‌బాల్ అన్నాడు, ఆరిపోయింది. రెండోసారి అన్నాడు, అదీ ఆరిపోయింది. ఉన్న రెండు పెద్ద స్లాట్లూ గోవిందా. వాడు పాచికలు సంచిలో వేసుకుని, "నన్ను ఆడనివ్వనప్పుడు పిలవడమెందుకు మామా?" అన్నాడు. అక్క వంటగదిలోంచి తొంగి చూసింది. అన్నయ్యకి ఒరిగిందేమన్నా ఉందా అంటే అదీ లేదు. మేనల్లుడి ఏడుపుమొహం చూస్తూ కత్తి తిప్పడానికి ఆయనకి మనసొప్పలేదు. ఒకడి అలక పోగొట్టబోయి రెండు అలకలు తెచ్చుకున్నాను. ఎదుటివాడి సామర్థ్యాన్ని నొక్కితే ఇంకొకడు పొడుగవుతాడని చెప్పే పెద్దమనిషి ఏ ఆటలో తగిలినా, ఆఫీసులో తగిలినా దూరం జరగండి.

జవాబు పుస్తకంలోనే ఉంది. డీఎంల కోసం వేసిన గైడ్‌లో, శత్రువుల లెక్కల మధ్య ఒక చిన్న పేరా. ఆటలో ఒక రోజుకి మధ్యరకం, కష్టమైన పోరాటాలు ఆరు నుంచి ఎనిమిది దాకా ఒక జట్టు తట్టుకోగలదని, మధ్యలో రెండు షార్ట్ రెస్ట్‌లు (చిన్న విరామాలు) పడతాయని. క్లాసుల తూకమంతా ఆ లెక్క మీదే నిలబడింది. దాన్ని మొదటి పేజీలో పెద్దక్షరాలతో వెయ్యాలి కదా! మేం ఆదివారం ఆడేది మూడు గంటలు. అందులో జరిగేది ఒక్క పోరాటం. అది కాగానే పడుకుని లేస్తే విజార్డ్ స్లాట్లన్నీ తిరిగొస్తాయి. తొలి బంతిలోనే గారెలన్నీ వడ్డించేసినట్టు, దాచుకోవాల్సిన పనే లేదు వాడికి. ఎప్పటికీ అలసిపోకపోవడమే ఫైటర్ గొప్ప అయితే, ఎవరూ అలసిపోని ఆటలో ఆ గొప్ప ఎందుకు?

ఈ తగువు కొత్తదేం కాదు. 1974లో ఆట పుట్టినప్పుడు ఉన్నవి మూడే క్లాసులు. రెండో లెవెల్‌కి ఎక్కడానికి యోధుడికి 2000 అనుభవ పాయింట్లు చాలు, మంత్రగాడికి 2500 కావాలి. ముందు నువ్వు కష్టపడు, తర్వాత నీ రాజ్యం అన్న బేరమన్నమాట. 2000లో మూడో ఎడిషన్ అందరికీ ఒకే పట్టిక పెట్టి ఆ బేరం తీసేసింది. 2008లో నాలుగోది అన్ని క్లాసులకీ ఒకే రకం అమరిక ఇస్తే, అందరూ ఒకేలా ఉన్నారని జనం గోల పెట్టారు. నాకైతే ఆ గోల పెట్టినవాళ్లెవరూ ఫైటర్ ఆడి ఉండరనిపిస్తుంది.

మందు కూడా అదే గైడ్‌లో దొరికింది. రాత్రి నిద్ర ఎనిమిది గంటలు షార్ట్ రెస్ట్‌గా, వారం రోజుల విశ్రాంతిని లాంగ్ రెస్ట్‌గా (స్లాట్లన్నీ తిరిగొచ్చే పెద్ద విశ్రాంతిగా) మార్చుకోవచ్చని ఒక వికల్పం ఉంది. దాంతో నాలుగైదు ఆదివారాల పోరాటాలు కలిపి ఒక "రోజు" అవుతాయి. మేనల్లుడు లా చదవాల్సినవాడు, ఊరుకుంటాడా! ఒంటికి కవచంలా వేసుకునే మేజ్ ఆర్మర్ మంత్రం ఎనిమిది గంటలే ఉంటుంది, వారానికిచ్చే స్లాట్లలోంచి రోజుకొకటి దానికే పోతుందన్నాడు. న్యాయమే. ఒకసారి వేస్తే ఒక ప్రయాణమంతా ఉంటుందని ఒప్పుకున్నా. స్లాట్లు కొన్ని వెనక్కి తెచ్చుకునే ఆర్కేన్ రికవరీ రూల్‌లో "రోజుకొకసారి" అని ఉంది కాబట్టి రోజూ ఒక పెద్ద స్లాట్ వెనక్కి తీసుకుంటానన్నాడు. అది మటుకు కుదరదన్నా, లాంగ్ రెస్ట్‌కి ఒక్కసారే.

అన్నయ్యకి కత్తి దించాక కూడా పని ఉండాలని 2024 రూల్స్ నుంచి ఒకటి అరువు తెచ్చాను. ఏ పనైనా చేయబోయి విఫలమైతే, ఫైటర్ తన సెకండ్ విండ్ (ఊపిరి కూడదీసుకునే శక్తి) ఒకటి ఖర్చుపెట్టి పది ముఖాల పాచిక వేసి కలుపుకోవచ్చు. మొన్న కోట కాపలావాణ్ణి బుకాయించి తలుపు తీయించింది అన్నయ్యే. పోరాటంలో మేనల్లుడు ఫైర్‌బాల్ దాచుకుని, "పెదమామా, ఆ ఇద్దర్నీ నువ్వు ఆపగలవా?" అని అడిగాడు. ఆ మాట అనిపించింది నేనే, షీట్ చూడని సీనియర్ గారు కాదు.

ఇప్పుడు కొత్త తలనొప్పి వార్లాక్. ఆవిడ రెండు స్లాట్లూ షార్ట్ రెస్ట్‌కే తిరిగొస్తాయి, అంటే రోజూ పొద్దున్నే కొత్తవి. ఆవిడ నోరు మెదపలేదు గానీ మావాడు పసిగట్టాడు. రాత్రి మెసేజ్ పెట్టాడు: "మామా, నా విజార్డ్ చచ్చిపోతే వార్లాక్‌ని తెచ్చుకోవచ్చా?" ముందు చావనివ్వరా, అప్పుడు చూద్దాం అన్నాను.