కొత్త గోడౌన్ వాళ్లు మన యూనియనేనా?

న్యూజెర్సీలో నేను పనిచేసే చోటికి కాస్త దూరంలో మా కంపెనీ ఇంకో గోడౌన్ తెరిచింది. అప్పట్నుంచీ బ్రేక్ రూమ్‌లో ఒకటే గోల: మన యూనియన్ కాంట్రాక్టు వాళ్లకూ వర్తిస్తుందా?

"అదే కంపెనీ, అదే పని. ఎందుకు వర్తించదన్నా?" అన్నాడు ఫోర్క్‌లిఫ్ట్ నడిపే మా గుంటూరు తమ్ముడు. అంత తేలిక కాదట. ఓటింగ్ లేకుండా కొత్తవాళ్లను పాత యూనిట్‌లో, అంటే ఒకే కాంట్రాక్టు కిందున్న ఉద్యోగుల గుంపులో, కలపడానికి అమెరికా కేంద్ర లేబర్ బోర్డు (యూనియన్ వ్యవహారాలు చూసే ప్రభుత్వ సంస్థ) ఓ పట్టాన ఒప్పుకోదు. ముఖ్యంగా రెండు చూస్తుంది: మనుషులు అటూ ఇటూ మారుతూ పనిచేస్తున్నారా, రోజూ పని చెప్పే సూపర్‌వైజర్ ఒకరేనా? 2005లో ఫ్రాంటియర్ టెలిఫోన్ కేసులో ఈ రెండే కీలకమని తేల్చేసింది. హెచ్ఆర్ ఒకటే అయినంత మాత్రాన సరిపోదు.

మాకు షిఫ్టులు వేసేది ఒకాయన, వాళ్లకు ఇంకొకావిడ. ఇక్కణ్ణుంచి అక్కడికి వెళ్లి పనిచేసినవాళ్లను వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. అంటే మన కేసు వీక్.

ఇంకో దారి ఉంది. కొత్త చోట సగానికి పైగా మంది యూనియన్ కావాలంటూ కార్డుల మీద సంతకాలు పెడితే యూనియన్‌ను గుర్తిస్తామని కంపెనీ కాంట్రాక్టులోనే ముందుగా ఒప్పుకుని ఉంటే, తర్వాత ఎన్నిక పెట్టమని పట్టుబట్టడానికి లేదు. 1975 నాటి క్రోగర్ కేసు తేల్చింది ఇదే. అదృష్టం, మా కాంట్రాక్టులో ఆ క్లాజు ఉంది.

నిజానికి నాకు ఇదే నచ్చింది. వాళ్ల జీతంలోంచి యూనియన్ చందా కోతపడేటప్పుడు వాళ్లను అడగకపోతే ఎలా?

శనివారం కార్డులు పట్టుకుని వాళ్ల షిఫ్ట్ దిగే టైముకి వెళ్తున్నాం. ఎడిసన్ వైపు ఉన్నవాళ్లెవరైనా వస్తానంటే ఇన్‌బాక్స్ చేయండి.